గోదావరి గట్టెక్కుతూ ఆమె ఎన్నిసార్లు ఆగింది?

ఖమ్మంలో మా డాక్టరు గారు పోయారన్న కబురు మొన్న బస్సు డ్రైవరు చేతికిచ్చిన చీటీలో వచ్చింది. ఆయన దగ్గర చాలాకాలం కాంపౌండరుగా చేసినాయన రాసి పంపాడు. చదువుకుని ఇంట్లోకి వెళ్లి నా భార్యకు చెప్పాను. ఆమె చేతిలోని చేట కింద పెట్టి ఒక్క మాటే అడిగింది.

"ఆయాసపడ్డడా?"

"లేదంట. పొద్దున చాయ్ తాగి, కుర్చీల కూసోని పేపరు చదువుకుంటనే పోయిండంట."

"అయితే మంచిదే," అంది. చేట మళ్లీ చేతిలోకి తీసుకుంటూ, "మంచిదే," అంది.

బతుకంతా ఇతరుల ఆయాసాన్ని చెవిపెట్టి విన్న మనిషి, తాను ఆ బాధ ఎరగకుండా వెళ్లిపోయారు. దుఃఖం కంటే ముందు మా ఇద్దరికీ కలిగింది ఆ నిమ్మళమే.

ఆయన ఛాతీ జబ్బుల డాక్టరు. స్టెతస్కోపు బిళ్లను ముందు తన అరచేతిలో వెచ్చబరచి, ఆ తర్వాతే రోగి వీపుకు ఆనించేవారు. కళ్లు మూసుకుని వినేవారు. "ఇంకోసారి," అనేవారు. మళ్లీ వినేవారు. ఎంతమంది బయట కూర్చున్నా ఆ రెండోసారి మానేవారు కాదు.

నేను పర్ణశాల దగ్గర ఆయిలింజన్లు బాగుచేసేవాణ్ని. ఏడో తరగతితో బడి మానేశాను. విప్పడం, రాసుకోవడం, బిగించడం, ఈ మూడింటితోనే పని నేర్చుకున్నాను. విప్పిన ప్రతి బోల్టూ వరస తప్పకుండా నా పుస్తకంలో ఉంటుంది. ఆ అలవాటే ఒకసారి నన్ను మోసం చేసింది.

గోదావరికి పెద్ద వరద వచ్చిపోయిన ఏడాది నా భార్యకు దగ్గు మొదలైంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. నాలుగడుగులు వేస్తే రొప్పు. మొదట చూపించిన చోట క్షయ అన్నారు. బిళ్లలు మొదలయ్యాయి. మా అమ్మ భయపడి ఆమెకు కంచం, గ్లాసు, చాప వేరుచేసింది. ఏడాదిన్నర పాపను చర్లలో అత్తగారింటికి పంపాం. నెలలు గడిచినా జబ్బు తగ్గలేదు, మనిషి మాత్రం సగమైంది. అంత బాధలోనూ ఆమె నాతో చెప్పుకున్నది ఒక్కటే: "పాప నన్ను మర్చిపోతది."

అప్పుడు ఖమ్మం తీసుకెళ్లాను. డాక్టరు గారు దవాఖానాలో ఉంచుకుని చూశారు. కఫం ఎన్నిసార్లు పరీక్షించినా క్షయ క్రిములు కనబడలేదు. వారంలో ఆమె తేరుకుంది. ఇంటికి తెచ్చిన మూడో రోజుకు మళ్లీ జ్వరం. తీసుకెళ్తే తగ్గింది, తెస్తే తిరగబెట్టింది.

"బిళ్లలు ఈడ అవే, ఆడ అవే. మరి ఈడ ఎందుకు తగ్గుతంది?" అన్నారాయన. "మీ ఇంట్లనే ఏందో ఉన్నది మేస్త్రీ. లేచినకాడి నుంచి పండుకునే దాక ఆమె ఏమేం పని చేస్తదో రాసుకొని రా. నీళ్ల బిందెతోటి గట్టెక్కేటప్పుడు ఎన్నిసార్లు ఆగుతదో గూడ రాయి."

రాశాను. ముప్పై ఎనిమిది అంశాలు, ఎర్ర సిరాతో అడ్డగీతలు. ఆయన మొత్తం చదివారు.

"ముత్యాల్లెక్క రాసినవ్. ఏడ కూసోని రాసినవ్?"

"షెడ్డుల, సార్."

"అప్పుడు ఆమె ఏడున్నది?"

"ఇంట్ల."

"అయితే ఇది ఆమె చేసే పని గాదు, చేస్తదని నువ్వు అనుకున్న పని. ఇంజను చూడకుంటనే రిపేరు రాస్తవా నువ్వు?"

పక్కనున్న నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. నేను తలెత్తలేకపోయాను.

రెండు రోజులు షెడ్డు మూసి నా భార్య వెంట తిరిగాను. "ఏందయ్యా, కోడిపిల్లలెక్క నా ఎనుకెనుక తిరుగుతున్నవ్?" అని దగ్గు మధ్యలోనే నవ్వింది. మొదటి రోజు, నేను మామూలుగా లేచే వేళకు చాలా ముందే, ఆమె పెరట్లోకి వెళ్లి గడ్డివాము లోపలి నుంచి గడ్డి పీకి, దులిపి, బర్రెకు వేసింది. వరదలో తడిసిన వాము అది. పైపైన ఎండబెట్టి మళ్లీ వేసుకున్నాం. లోపల నల్లబడి ఉంది. దులిపినప్పుడల్లా తెల్లటి దుమ్ము పొగలా లేచి ఆమె మొహాన్ని కప్పేసింది.

"గిది నాకెందుకు చెప్పలే?"

"గిది గూడ పనేనా? బర్రెకు ఇంత గడ్డేసుడు. నువ్వు పని రాస్తున్న అన్నవ్."

మా వైపు పని అంటే వంట, పొలం, కూలి. మిగతాది ఎవరూ పనిగా చెప్పరు, ఎవరూ అడగరు. కొత్త జాబితాలో ముప్పై తొమ్మిదో అంశంగా గడ్డివాము రాశాను. దాని కింద, గట్టు మీద ఆగింది ఆరుసార్లు అని రాశాను.

పిడికెడు గడ్డి కాగితంలో చుట్టి ఖమ్మం పట్టుకెళ్లాను. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, కిటికీ బయట ఆ పొట్లం విప్పి తట్టారు. తెల్లగా లేచింది. "దొరికింది," అన్నారు, చాలా మెల్లగా.

కుళ్లిన గడ్డిలోని బూజు చాలామందిని ఏమీ చేయదట. ఎవరో కొందరి ఊపిరితిత్తులకు మాత్రం అది పడదట, లోపల వాచిపోతాయట. "అరుదైన జబ్బు. నేను గూడ ఎక్కువ చూడలే. తొందరపడి ఇదేనని చెప్పలేను," అన్నారు. వాము తగలబెట్టించారు. బర్రెను మా అన్న కొట్టానికి తోలించారు. కొన్ని వారాలు వేరే బిళ్లలు ఇచ్చి, మెల్లగా తగ్గించారు. ఈసారి ఇంటికి తెచ్చినా జ్వరం రాలేదు. కొత్త ఎక్స్‌రేను పాతదాని పక్కన పెట్టి వెలుతురుకు పట్టి చూపించారు. ఊపిరితిత్తుల మీది మబ్బు పలచబడింది.

మొదట చూసిన డాక్టరును నేనేదో అనబోతే ఆపేశారు. "ఈ అడవి పక్క ఊర్లల్ల దగ్గు అంటే ముందు క్షయనే అనుకోవాలె. అది తప్పు గాదు. మందుకు తగ్గకున్నా అదే పట్టుకొని కూసుంటే తప్పు."

నా భార్య అడిగింది: "బిడ్డను ఎత్తుకోవచ్చునా సార్?"

"ఇయ్యాల్నే ఎత్తుకో. బిడ్డనెత్తుకో తల్లీ, గడ్డిమోపు ఎత్తకు."

ఆ సాయంత్రం మా అమ్మ విడిగా ఉన్న కంచం కడిగి, అన్నిటితో కలిపి బోర్లించింది. మర్నాడు చర్ల నుంచి వచ్చిన పాప ముందు అమ్మమ్మ వెనక దాక్కుంది. చీకటి పడేసరికి తల్లి కొంగు వదల్లేదు.

నా రెండు జాబితాలూ డాక్టరు గారు తన బల్ల సొరుగులోనే ఉంచుకున్నారు. రోగుల ఇంటివాళ్లకు మొదటిది చూపి నవ్వించేవారట, రెండోది చూపి రాయించేవారట. "ఏం పని చేస్తవ్?" అని అడగడం మానేశారని కాంపౌండరు చెప్పేవాడు. "లేచినకాడి నుంచి నీ చేతికి ఏమేం తాకినయ్?" అని అడిగేవారట.

కబురు వచ్చిన మర్నాడు పొద్దున నా భార్య నీళ్లకు వెళ్లింది. నేను షెడ్డు ముందు నిలబడి, ఇన్నేళ్లయినా పోని అలవాటు కొద్దీ లెక్కపెడుతున్నాను. సగం గట్టెక్కి ఆమె ఆగింది. ఎన్నో ఏళ్లుగా ఆమె అక్కడ ఆగింది లేదు. పరుగెత్తబోయాను.

ఆమె బిందె దించి, ఖమ్మం బస్సు పోయే రోడ్డు వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి ఉంది. ఆయాసంతో ఆమె భుజాలు ఎగసిపడటం లేదు. కాసేపు అలాగే నిలబడి, బిందె చంకనెత్తుకుని, మిగతా గట్టంతా ఆగకుండా ఎక్కేసింది.