సంగు వినిపించే మేర

మారిముత్తుకు వారానికో రోజు సెలవు, మిల్లుకు ఉండదు. ఆ రోజు భార్య మూకాయిని సైకిలు కేరియర్ మీద కూర్చోబెట్టుకుని, ఊరికే తిరిగి రావడానికి కినత్తుకడవు దారి పడతాడు. ఎంత షికారైనా, షిఫ్టు మారేటప్పుడు ఊదే మిల్లు సంగు వినిపించే చివరి కొబ్బరితోట దాటడు. అక్కడ ఒంటికాలు నేలకానించి, ఆ కూత విని, తృప్తిగా వెనుదిరుగుతాడు.

మిల్లు మూసేస్తారన్న పుకారు పుట్టిన ఈ వారమూ వచ్చాడు. కాలానించి నిలబడ్డాడు. తోటలో కూలీలు పని ముగించి వెళ్లిపోయినా సంగు ఊదలేదు.

“గాలి ఆ పక్క తిరిగుండాది మామా, అందుకే వినపడలే,” అంది మూకాయి.

మారిముత్తు తలెత్తాడు. గాలి మిల్లు వైపు నుంచే వీస్తోంది. కొబ్బరి మట్టలన్నీ తమ మీదికే వాలుతున్నాయి.

“ఆమా, గాలే,” అని తలూపాడు.