సారు గదిలో లైవ్, కాటా దగ్గర లైను

గోదావరిఖనిలో బొగ్గు రవాణా చేసే ఒక ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీలో నేను కంప్యూటర్ల పని చూసేవాడిని. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, మేనేజరు ఫోన్‌లో అక్షరాలు చిన్నగా కనిపించినా నన్నే పిలిచేవారు. ఒకరోజు మేనేజరు గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. చేరిన ఆరేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదలు. దాంతో నాకు కొంచెం భయమేసింది.

హైదరాబాద్‌లోని హెడ్డాఫీసువాళ్లు రిపోర్టుల సాఫ్ట్‌వేర్ కొన్నారు. ఎన్ని లారీలు తూకానికి కాటా ఎక్కాయి, ఎంత బొగ్గు కదిలింది, ఏ లారీ ఎన్ని ట్రిప్పులు వేసింది, అన్నీ రంగురంగుల బొమ్మల్లో చూపిస్తుంది. దానికోసం సారు గది గోడకు పెద్ద టీవీ కూడా వచ్చింది.

"డేటాబేస్‌కి ఎలా కలపాలో నువ్వే చెప్పాలయ్యా" అన్నారాయన. కోస్తా వైపు మనిషి, మాట మెత్తన.

చెప్పాను. కలపడానికి రెండు పద్ధతులు. మొదటిది ఇంపోర్ట్. కాటా గదిలోని కంప్యూటర్ నుంచి వివరాలన్నిటికీ ఒక నకలు తెచ్చుకుని మన దగ్గర పెట్టుకోవడం, షిఫ్టు మారినప్పుడల్లా కొత్త నకలు తెచ్చుకోవడం. రెండోది లైవ్. నకలు ఉండదు. టీవీలోని ప్రతి బొమ్మా నిమిషనిమిషానికీ వెళ్లి కాటా కంప్యూటర్‌నే అడుగుతుంది.

"ఆ కంప్యూటర్ పాతది సార్. తూకం చిట్టీలు కొట్టుడుకే ఆయాసపడ్తది. మనకు ఇంపోర్ట్ సాలు" అన్నాను.

ఆయన మీటింగ్ పెట్టారు. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ అకౌంట్స్ పెద్దాయన అంతా శ్రద్ధగా విని, "ఇంపోర్ట్ అంటే మళ్ల కస్టమ్స్ డ్యూటీ కట్టాల్నా?" అని అడిగారు. ఎవరూ నవ్వలేదు. ఆ అనుమానం ఇంకో ఇద్దరికి కూడా ఉన్నట్టుంది.

మేనేజరు నావైపు తిరిగారు. "క్రికెట్ మ్యాచ్ లైవ్‌లో చూస్తావా, మర్నాడు హైలైట్స్ చూస్తావా?"

మనం టీవీలో చూసినందువల్ల అక్కడ బౌలరు పరుగు నెమ్మదించదు, ఇక్కడ కాటా నెమ్మదిస్తుంది అని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇచ్చిన కుర్చీలో కూర్చుని కాదనడం అలవాటు లేదు. "సరే సార్" అన్నాను. నిర్ణయం ఏకగ్రీవమని రాసుకున్నారు.

మంచిరోజు చూసి టీవీకి కొబ్బరికాయ కొట్టారు. పసుపు, కుంకుమ పెట్టడంలో బొట్టు సరిగ్గా టన్నుల అంకె మీద పడింది. దాన్ని తుడవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పూజ చేసింది సారు మరి.

మూడో రోజు కాటా గది నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ లారీలు తూచే ఆవిడది రామకృష్ణాపూర్. రోజూ బస్సులో వచ్చిపోతుంది. నేను అక్కా అని పిలుస్తాను.

"తమ్మీ, గీ కంప్యూటర్‌కు ఏమైంది? బరువు చూసి బటన్ నొక్కితే, చిట్టీ వచ్చేసరికి చాయ్ తాగి గిలాస గూడ కడుక్కుంటాన్న."

ఏమైందో నాకు తెలుసు. "చూస్త అక్కా" అన్నాను. ఏమీ చూడలేదు.

మధ్యాహ్నానికి లారీల లైను మెయిన్ రోడ్డు తాకింది. ఇక్కడ టీవీలో ట్రిప్పుల గీత కిందికి దిగింది. మేనేజరు కంగారుపడి, సూపర్‌వైజర్లందరి ఫోన్లలోనూ ఆ బొమ్మలు పెట్టించారు. హెడ్డాఫీసులోనూ తెరిచారు. తెరిచిన ప్రతి ఫోనూ వెళ్లి ఆ ముసలి కంప్యూటర్‌నే అవే ప్రశ్నలు అడిగేది. ఎంతమంది చూస్తే లారీలు అంత నెమ్మదించాయి. అవి నెమ్మదించేకొద్దీ ఇంకా ఎక్కువమంది చూశారు.

మర్నాడు ఎండలో గంటల తరబడి లైనులో ఉన్న ఒక డ్రైవరు స్టీరింగ్ మీదే సొమ్మసిల్లాడు. నస్పూర్ నుంచి వచ్చే పెద్దవయసు మనిషి. అక్క గది వదిలి పరుగెత్తి, అతన్ని నీడకు దింపించి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు తాగించి, ఆటోలో దవాఖానకు పంపింది. తిరిగొచ్చి కంప్యూటర్ వైపు చూడలేదు. ఒక పొడుగు నోటుబుక్కు తీసి, లారీ నంబరు, బరువు చేత్తో రాసుకుని, చేతిచిట్టీ చింపి ఇచ్చి పంపడం మొదలుపెట్టింది. రెండు గంటల్లో రోడ్డు ఖాళీ అయింది.

కంప్యూటర్‌లోకి ఏదీ ఎక్కక, సారు గదిలో టీవీ మాత్రం ఆ రెండు గంటలకూ సున్నా చూపించింది. లైవ్‌గా, రంగుల్లో సున్నా. హైదరాబాద్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆయన వెంటనే కాటా ఆపరేటర్‌కు, విధి నిర్వహణలో నిర్లక్ష్యం అని మెమో చెప్పి రాయించారు. టైపిస్టు సెలవులో ఉన్నాడు. టైపు చేసింది నేనే. బండి మీద తీసుకెళ్లింది కూడా నేనే.

అక్క దాన్ని రెండుసార్లు చదివింది.

"లారీలు ఆగినప్పుడు ఎవ్వరు రాలే. లైను పోయినంక కాయితం వచ్చింది. నువ్వే కొట్టినవా తమ్మీ?"

"అవునక్కా."

"మంచిగ కొట్టినవ్. ఒక్క తప్పు లేదు."

ఆ మాటకు నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. జరిగిందంతా చెప్పాను. ఇంపోర్టు, లైవు, నేను మీటింగ్‌లో నోరు మూసుకోవడం. ఆవిడ ఇంకో లారీ బరువు రాసుకుంటూనే వింది.

"గిదంత నాకెందుకు చెప్పుడు? చెప్పాల్సినకాడ చెప్పు. సంతకం పెట్టాల్నా వద్దా?"

"వద్దక్కా" అని మెమో జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మేనేజరు గదిలో ఈసారి కూర్చోలేదు. "లారీలు ఆగింది అక్క వల్ల కాదు సార్. మనం చూసుడు వల్ల" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. టీవీ ఆపేశాను. అందరి ఫోన్లలో తీసేశాను. ఆయన్ను కాటా దగ్గరికి రమ్మన్నాను. ఎండలో నెత్తిమీద ఫైలు పెట్టుకుని నిలబడ్డారు. అక్క బటన్ నొక్కింది. చిట్టీ టక్కున వచ్చింది. ఐదు లారీలు ఆగకుండా పోయాయి.

తిరిగి వస్తుంటే అడిగారు. "మరి ఆరోజు మీటింగ్‌లో చెప్పలేదేంటయ్యా?"

"చెప్పిన సార్. సగమే చెప్పిన."

ఆయన నెత్తిమీది ఫైలు దించి చంకలో పెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "లైవ్ అని హెడ్డాఫీసుకి చెప్పేశానయ్యా" అన్నారు. ఆయన బాధ నిజమైనదే. నేను అంతకుముందు దాన్ని గుర్తించలేదు.

ఇంపోర్ట్‌కు మార్చాం. షిఫ్టు మారేటప్పుడు నకలు వచ్చేది. టీవీ పైన మాత్రం ఎర్రటి అక్షరాల్లో లైవ్ అనే ఉంచమన్నారు. కింద చిన్న అక్షరాల్లో నకలు తెచ్చిన టైము వేశాను. ఇప్పటిదాకా ఎవరూ చదవలేదు. నెల తిరిగేసరికి, మిగతా సైట్లు కూడా మా లైవ్ పద్ధతి నేర్చుకోవాలని హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అకౌంట్స్ పెద్దాయన నా భుజం తట్టి, డ్యూటీ ఖర్చు మిగిల్చావని మెచ్చుకున్నారు.

మెమో గురించి సారు మళ్లీ అడగలేదు. అక్కకు క్షమాపణ కూడా చెప్పలేదు. డ్రైవరు వారానికి డ్యూటీకి వచ్చాడు. అక్క నోటుబుక్కులో రాసినవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి కాబట్టి నేను ఆ వారంలోనే మూడు రోజులు కాటా గదిలో కూర్చున్నాను. లారీలు లేనప్పుడు ఆవిడ చదివేది, నేను కొట్టేవాడిని. ఆఖరి చిట్టీ అయ్యాక డబ్బా తెరిచి సగం జొన్నరొట్టె నా ముందు పెట్టింది. "తిను తమ్మీ, మళ్ల లారీలు వస్తయి" అంది.