గట్టమ్మ ఇంటి మేస్త్రి

జనగామ చుట్టుపక్కల ఒక మర్యాద ఉండేది. ఇల్లు కట్టిన తాపీ మేస్త్రిని గృహప్రవేశం నాడు పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, కొత్త పంచె, తువ్వాల చేతికిచ్చేవారు. ఇంటి యజమాని నలుగురి ముందూ "ఏ ఊరు మేస్త్రీ నీది?" అని అడిగేవాడు. తెలియక కాదు, అందరికీ తెలియాలని. రాజలింగు తండ్రి కట్టిన పంచెలన్నీ అలా వచ్చినవే. అదే తాపీ పని చేసే రాజలింగుకు మాత్రం అరవై దగ్గర పడుతున్నా ఒక్క తువ్వాల ముట్టలేదు.

పని రాక కాదు. పెళ్లయిన ఏడే హైదరాబాదు రైలెక్కి, బతుకంతా సర్కారు కాలనీలు కట్టడంలోనే గడిపాడు. మొదట గుమస్తాలకు పెంకుటిళ్లు, తర్వాత హౌసింగ్ బోర్డు వాళ్ల వరస ఇళ్లు, జాగా చాలక మూడంతస్తుల ఫ్లాట్లు, చివరికి గుడిసెలు పీకేసిన చోట ఇంకా ఎత్తయినవి. నగరం పైకి పెరిగే కొద్దీ ఆయన మోకాళ్లు అరిగాయి. సర్కారు ఇల్లు పూర్తయ్యేనాటికి దానికి యజమాని ఉండడు. తాళం పడుతుంది, మేస్త్రి ఇంకో పనికి పోతాడు. ఇక బట్టలు పెట్టేదెవరు?

ఒకసారి తాను కట్టిన కాలనీలో జనం ఎలా కాపురముంటున్నారో చూద్దామని ముచ్చటపడి వెళ్లాడు. గేటు దగ్గర కాపలావాడు ఆపి, "ఏ ఊరు నీది? ఇక్కడేం పని?" అన్నాడు. అడిగింది అదే ప్రశ్న. పాపం, రాజలింగు ఆ రోజు అన్నం ముట్టలేదు. భార్య గట్టమ్మతో చెప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మోకాళ్లు మొరాయించి సొంతూరు చేరాక, గట్టమ్మ పేరున ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. అప్పుడామె ఒక మాటంది.

"ఇల్లు నాది, మేస్త్రివి నువ్వు. బట్టలు నేను పెడత."

ఆ మాటకు ఆయన వయసు సగం తగ్గింది. కూలీలను పెట్టకుండా ప్రతి ఇటుకా తన చేత్తోనే పేర్చాడు. ఇల్లు ముగింపుకొచ్చేసరికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే అల్లుడు వీరేందర్ కూడా సమ్మెలో ఉండి, ఊరికే కూర్చోలేక గోడలకు సున్నం వేయడానికి వచ్చాడు. బొగ్గు లేక కరెంటు పోయినప్పుడల్లా రాజలింగు అల్లుణ్ణి మేలమాడేవాడు.

గృహప్రవేశం ముందురోజు మునిమాపు వేళ అలాగే కరెంటు పోయింది. గట్టమ్మ దీపం వెలిగించి కొత్తింట్లోకి తెచ్చింది. ఆ వైపు ఇళ్లలో తలుపు పక్కన దీపానికి గూడు ఉండి తీరాలి. ఆమె చెయ్యి గోడంతా తడిమింది.

"మేస్త్రీ, దీపం యాడ పెట్టాలె?"

రాజలింగు తన చేతుల వంక చూసుకున్నాడు. నగరంలో కట్టిన మొదటి కాలనీలో అలవాటు కొద్దీ ఇంటింటికీ గూడు వదిలాడు. పల్లెటూరి పని అని ఇంజనీరు నవ్వి, అన్నీ పూడ్పించాడు. ఆనాటి నుంచి ఆ చెయ్యి గోడలో ఖాళీ వదల్లేదు. చివరికి సొంత గోడలోనూ వదల్లేదు.

"గూడు మరిచినోనికి బట్టలెట్ల పెడుదు?" అంది గట్టమ్మ. వేళాకోళానికే అంది. కానీ ఆయన మొహం చూసి, ఎందుకన్నానా అని నాలుక కరుచుకుంది.

రాజలింగు ఉలి, సుత్తి తీశాడు. సున్నం పాడవుతుందని వీరేందర్ మొత్తుకున్నా వినలేదు. నగరం మీద కోపమో, తన చేతి మీద కోపమో, గోడను తొలిచాడు. గట్టమ్మ పక్కన నిలబడి దీపం పట్టింది. రాలిన ఇటుక పెళ్లలు ఆమే ఎత్తిపోసింది.

తెల్లవారి పాలు పొంగించాక గట్టమ్మ పీట వేసింది. కట్టుకున్న మొగుణ్ణి పరాయి మేస్త్రిలా కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పంచె, తువ్వాల చేతిలో పెట్టింది. బస్సుల్లేక నడిచొచ్చిన చుట్టాలు ముసిముసిగా నవ్వుతున్నారు. ఆమె మాత్రం నవ్వకుండా, అందరికీ వినపడేలా అడిగింది.

"ఏ ఊరు మేస్త్రీ నీది?"

రాజలింగు తువ్వాల గుండెకు హత్తుకున్నాడు. కొంచెం వంకరగా కుదిరిన గూట్లో దీపం వెలుగుతోంది.

"గిదే ఊరు," అన్నాడు. "గిదే ఇల్లు."