ఆవిడకి పెట్టిన చీర

మొన్న బ్రాడీపేటలో చీరల కొట్టుకి వెళ్లాను. మా ఆయనకి మోకాళ్లు పట్టేశాయి, ఈ ఏడు ఆవిడ చీర నేనే తేవాల్సొచ్చింది. ఖర్మ! నా సవతికి నేనే చీర ఎంచాలి. సవతంటే నిజం సవతి కాదు లెండి. ఆవిడ పోయి ఇరవయ్యేళ్లు దాటింది, పేరు కూడా మాకు తెలియదు.

మా అబ్బాయి ఐదో తరగతిలో ఉన్న ఏడు మిరప ధర పడిపోయింది. మా ఆయన బస్తాలేసుకుని మిర్చి యార్డుకి వెళ్తే అక్కడ కొనే నాథుడు లేడు. రైతులు గేటు మూసి గొడవకి దిగారు, పోలీసులొచ్చారు, రాళ్లు పడ్డాయి, లాఠీలు లేచాయి. తొక్కిసలాటలో బస్తాలు చిరిగి కాయలు జనం కాళ్ల కింద నలిగాయి. ఆ కారం ఎగిరి రైతుకీ పోలీసుకీ ఎవరికీ కళ్లు తెరవడానికి లేకపోయింది. అలా కళ్లు కనబడనప్పుడే తుపాకులు పేలాయి. ఎటు పోవాలో తెలియక జనం తుపాకుల వైపే పరిగెత్తారట. మా ఆయనా అంతే. తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ ఆ ఘాటుకి అలవాటుపడ్డ కూలిమనిషి ఒకామె ఆయన మెడ పట్టుకుని బస్తాల సందులోకి తోసింది. "పడుకోవయ్యా, లేవమాక!" అంది. ఆయనకి తగలాల్సింది ఆవిడకి తగిలింది. ఆ రోజు యార్డులో పోయిన వాళ్లలో ఆవిడొకతె. ఎక్కడినుంచో కూలికొచ్చిన మనుషులు, శవాన్ని వాళ్లవాళ్లు తీసుకుపోయారు. ఏ ఊరో ఎంత అడిగినా తెలియలేదు.

మా ఇళ్లల్లో పోయినవాళ్లకి ఏటా కొత్త బట్టలు పెట్టి, తర్వాత వాటిని మేమే కట్టుకుంటాం. మా అత్తగారి చీర పక్కన ఆయన ఆవిడకీ ఒకటి పెట్టడం మొదలుపెట్టారు. పెడితే పెట్టారు, ఆ ఎంచడం చూడాలి! కొట్లన్నీ తిరిగి, అంచు వేళ్లతో తడిమి మరీ తెచ్చేవారు. పెళ్లయిన దగ్గర్నుంచి నాకు ఒక్క చీర ఎంచిన పాపాన పోలేదు. "నీకు నచ్చింది తెచ్చుకోవే", అంతే. కడుపు రగిలిపోయేది. అత్తగారి చీర కట్టుకునేదాన్ని, ఆవిడది మాత్రం ఆడబిడ్డకిచ్చేసేదాన్ని. కళ్లల్లో కారంతో ఆయన ఆవిడ మొహం సరిగ్గా చూడనే లేదట. అది ఇంకా మంట. చూసుంటే ఏ ఎత్తుపళ్లో చట్టిముక్కో ఉందని తెలిసి నా ప్రాణం కుదుటపడేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "అసలు ఆవిడ మీకేమవుతుందండీ?"

"ఏమీ కాదే," అన్నారు. మళ్లీ ఆయనే, "ఏమీ కాకుండానే చేసింది గదా," అన్నారు.

నేనుంటే నేనూ తోసేదాన్ని అని గొణిగాను. పెళ్లాన్ని కదా, నేను తోస్తే గొప్పేముంది?

కొట్లో అమ్మాయి, "ఎవరికమ్మా? వయసెంతుంటుంది?" అంది. "ముప్పై రెండు" అనేశాను. అప్పట్లో నా వయసది. ఆవిడదీ నా ఈడేనని యార్డు మనుషులు చెప్పారు. చిలకాకుపచ్చకి ఎర్రంచు చీర తీశాను. కొట్లన్నీ తిరగలేదు గానీ అంచు నేనూ తడిమి చూశాను.

చీర పెట్టి దణ్ణం పెట్టుకున్నాక, "ఈసారైనా కట్టుకోవే," అన్నారాయన. నేనెంచిన చీర కదా, ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. కట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. నా నెరిసిన జుట్టుకి ఆ పచ్చ ఏం నప్పుతుంది? ఆవిడకైతే ఇప్పటికీ నప్పుతుంది. ఇద్దరం ఒక్క ఈడువాళ్లమే, కాలమంతా నా ఒక్కదాని మీదే గడిచింది.