నాయన పెదవులు

2018లో మార్కాపురంలో, పలకల ఫ్యాక్టరీలకు పోయే దారిలో నాకొక వీడియో మిక్సింగ్ దుకాణం ఉండేది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, చర్చి వార్షికోత్సవాలు ఎడిట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాణ్ణి. కూలరు గరగర, గోడ నిండా పాత క్యాసెట్ల కవర్లు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇరుకు గదిలోనే నా మంచి రోజులన్నీ గడిచాయనిపిస్తుంది.

ఆ వేసవిలో పెద్దారవీడు వైపు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి రాహేలమ్మ, కూలి పనులకు వెళ్లే మనిషి. కూతురు కరుణ తొమ్మిదో తరగతి చదువుతోంది. పుట్టుకతోనే చెవుడు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. రాహేలమ్మ తెర పగిలిన ఫోనొకటి బల్ల మీద పెట్టింది.

"మా ఆయన వీడియో అన్నా ఇది. అడ్డంగా వస్తాంది. నిలబెట్టియ్యాల."

"అదెంత పని చెల్లెమ్మా!"

"ఇంకో దుకాణంలో నిలబెట్టిచ్చినాం. పాప వద్దంటాంది."

ఆ దుకాణంవాళ్లు తిప్పి ఇచ్చిన వీడియో చూశాను. నిలువుగానే ఉంది, నాకు బాగానే ఉందనిపించింది. కరుణ తల అడ్డంగా ఊపి, తెర మీద తండ్రి నోటి దగ్గర వేలు పెట్టింది. వంగి చూశాను. మనిషిని గుర్తుపట్టవచ్చు. పెదవుల అంచులు మాత్రం మసకగా కలిసిపోయి ఉన్నాయి.

అప్పుడు రాహేలమ్మ అసలు సంగతి చెప్పింది. ఆమె భర్త దానియేలుకు గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పూర్తిగా పడిపోయింది.

"ఆసుపత్రిలో నేను మందులకు కిందికి పోయినప్పుడు, మంచం మీద పండుకోనే తీసుకున్నాడు. ఆ వారంలోనే పోయినాడు. ఏం చెప్పినాడో నాకు తెలీదు అన్నా. శబ్దమే లేదు కదా. ఆయన నోరు చదివేది పాప ఒక్కతే. ఫోన్ తిప్పితే బొమ్మా తిరుగుతాది. అందుకని పక్కకు పండుకోని చూస్తాది. సగం సగమే తెలుస్తాందంట."

ఫోన్‌ను ఎటు పట్టుకున్నామో చూసుకుని, లోపలి సెన్సర్ ఫైల్‌లో ఒక గుర్తు రాస్తుంది. దాన్ని రొటేషన్ ట్యాగ్ అంటాం. "చూపించేటప్పుడు ఇంత తిప్పు" అని ప్లేయర్‌కు చెప్పేది అదే. వెల్లకిలా పడుకుని ఫోన్‌ను ముఖం మీదికి పట్టుకుంటే, ఏది పైనో ఏది కిందో సెన్సర్‌కు తెలియదు. దానియేలు వీడియోకు జరిగింది అదే. మొదటి దుకాణంలో చేసింది రీ-ఎన్‌కోడింగ్. అంటే బొమ్మలన్నీ విప్పి, తిప్పి, మళ్లీ కుదించడం. కుదించినప్పుడు సన్నటి వివరం కొంత పోతుంది. పెళ్లి వీడియోలో దాన్ని ఎవరూ కనిపెట్టరు.

"అసలు ఫైల్ ఉందా?"

"ఫోన్‌లోనే ఉంది. పాప తీసేయనియ్యలే."

దాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీలో ట్యాగ్ ఒక్కటే మార్చాను. లోపలి బొమ్మలను తాకలేదు. మీట నొక్కినంతలో పని అయిపోయింది.

పెద్ద తెర మీద దానియేలు ముఖం నిలువుగా వచ్చింది. వెనక తలగడ, గొంతుకు కట్టు. పెదవులు కదులుతున్నాయి. కరుణ స్టూలు ముందుకు లాక్కుని, ఒకసారి మొత్తం రెప్ప వేయకుండా చూసింది. మళ్లీ పెట్టమని సైగ చేసింది. ఈసారి తల్లి చెయ్యి పట్టుకుని, తనకు వచ్చిన మాటల్లో చెప్పసాగింది. నాకు అర్థం కాలేదు. రాహేలమ్మ ఒక్కొక్క మాటా పైకి అంటూ పోయింది.

"పాపా... బడి మానొద్దు... అమ్మను ఎవరేమన్నా నమ్మొద్దు... నొప్పి నేనే దాచిపెట్టినా... అమ్మ తప్పేం..."

రాహేలమ్మ అక్కడ ఆగిపోయింది. ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చిందని అత్తింటివాళ్లంతా ఆమెనే అన్నారట. ఆ మాట నాకు తర్వాత తెలిసింది. తల్లి ఎందుకు ఆగిందో కరుణకు తెలియలేదు. అర్థం కాలేదేమో అనుకుని, ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, అదే మాట మళ్లీ నిదానంగా చెప్పింది.

"లేదు... అమ్మ తప్పేం లేదు" అని ఈసారి రాహేలమ్మ పూర్తిగా పైకి అంది.

ఆ దుకాణం మూసేసి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఎవరి వీడియోలు వాళ్లే ఫోన్‌లో తిప్పుకుంటున్నారు. వీడియో బాగుందో లేదో తేల్చాల్సింది నేను కాదని, దాన్ని చూసే మనిషని ఆ రోజు నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎవరు ఏ ఫైల్ తెచ్చినా, పని మొదలుపెట్టే ముందు "ఇందులో మీకేం కనబడాలి?" అని అడిగేవాణ్ణి. ఎక్కువమంది నవ్వేవాళ్లు. కొందరు మాత్రం కూర్చుని చెప్పేవాళ్లు.