మీసాలాయన టీకా, అత్త ఓటు

ఆ రోజుల్లో మశూచి టీకాలు వేసే ఉద్యోగమంటే, ఊరందరికీ తెలిసిన మనిషివే గాని ఊళ్ళో ఒక్కరూ నీ కంటబడరు. అలాంటి ఉద్యోగం నాకు ఇరవయ్యో ఏట వచ్చింది, అదీ టెంపరరీగా. కళింగపట్నం దగ్గర్లో సముద్రం ఒడ్డున ఓ పల్లెలో వేశారు. నేను వీధి మొదట్లో అడుగు పెట్టగానే "ఓలమ్మో, టీకాలోడొచ్చినాడు!" అని ఓ కేక, టపటపా తలుపులు, ఆ తర్వాత కుక్కలూ నేనూ మిగిలేవాళ్ళం. (నా దగ్గర కుక్కలకి మందు లేదని అవి కనిపెట్టేశాయి.) మా నాన్న మాత్రం విజయనగరంలో కనిపించినవాళ్ళందరికీ "మావాడు ఆరోగ్యశాఖలో ఆఫీసరు" అని చెప్పుకుని తిరిగేవాడు. ఆ ఆఫీసరు టీకాల పెట్టెతో కలిపి తూగినా యాభై కేజీలు లేడు.

నాకు వసారా ఇచ్చిన మనిషి ఉప్పుచేపల అత్త. (మేనత్తా కాదు, పిల్లనిచ్చిన అత్తా కాదు. ఊరందరికీ అత్త గనక నాకూ అత్తే.) మొగుడు వేటకెళ్ళి సముద్రం మీదనించి తిరిగి రాలేదు. చేపలకి ఉప్పేసి, ఎండబెట్టి, గంపకెత్తి సంతల్లో అమ్ముకుని బతికేది. ఎలక్షన్లు రేపనగా అన్నం వడ్డిస్తూ చెప్పింది. "కిందటిపాలి నన్ను ఓటెయ్యనీనేదు బాబూ. నీ ఓటు అయిపోనాది, ఇంటికెల్లిపో అన్నారు. నాను ఎల్లకుండా నా ఓటెలాగ అయిపోనాదో!" ఈసారి ఊళ్ళో పెత్తనం చేసే మీసాలాయన నించి కబురు ముందే వచ్చిందట. చేపలోళ్ళ వీధి ఆడవాళ్ళెవరైనా ఓటుకి వస్తే, కొబ్బరితోట పక్క ఇసక మెరకలో చేపలారబెట్టుకోడానికి చోటు ఉండదని. ఆ మెరక తప్పితే అక్కడ మిగిలినదంతా తడి నేల. చేప ఆరకపోతే కుళ్ళుతుంది, చేప కుళ్ళితే వీధి వీధంతా పస్తే. "అయినా వెళ్తావా అత్తా?" అన్నాను. "ఎల్తాను. నాను బతికే ఉన్నానని ఆలకి తెలవాలి కదేటి?" అంది.

పోలింగు రోజు పొద్దున్నే అత్త, ఆమె వెనకాల పధ్నాలుగు మంది ఆడవాళ్ళు ఉతికిన కోకలు కట్టుకుని బయల్దేరారు. నాకు ఎలక్షన్ డ్యూటీ లేదు (టెంపరరీవాడికి ఓట్ల పెట్టె కాదుగదా, కుర్చీ కూడా అప్పజెప్పరు). పక్క పల్లెకి టీకాలకి పోతూ వాళ్ళ వెనక నడిచాను. ఓట్లు వేసే బడికి వెళ్ళే సందు మొదట్లో ఎడ్లు విప్పేసిన బండిని అడ్డంగా పెట్టి, దాని మీద మీసాలాయన కూర్చున్నాడు. కొబ్బరితోటా, ఆ మెరకా ఆయనవే. కింద కర్రలు పట్టుకుని ముగ్గురు. "మీ ఓట్లు పడిపోనాయి. ఎండలో ఎందుకు, ఇల్లకి పొండి" అన్నాడు, ఎంతో దయగా. ఎవరూ కదలకపోయేసరికి "పోకపోతే రేపట్నుంచి సేపలు మీ నెత్తి మీద ఆరబెట్టుకోండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే అత్త నా చొక్కా పట్టుకుని లాగింది. "నువ్వేటీ అనకు బాబూ. ఎముకలిరగ్గొట్టీసి సముద్రంలో పారేత్తారు."

సరేనని ఒడ్డు వెంట చుట్టూ తిరిగి బడికి పరిగెత్తాను. అక్కడి పోలింగ్ ఆఫీసరు ఎక్కడో లెక్కల మాస్టారట. నేను చెప్పిందంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, "బూతు చుట్టూ వంద గజాల వరకే నా అధికారం. ఆ బండి ఎన్ని గజాల్లో ఉంది?" అన్నాడు. కొలవలేదండీ అన్నాను. అయినా మంచివాడే. కాగితం మీద రాసుకుని, ఉన్న ఒక్క పోలీసునీ వెళ్ళమన్నాడు. ఆ పోలీసు బూటు విప్పి పాదంలో ముల్లు తీసుకుంటున్నాడు. "నువ్వు నడు, నేను వస్తన్నాను" అన్నాడు. మళ్ళీ పరుగు. పోలీసు వచ్చేదాకా ఆడవాళ్ళు వెళ్ళిపోకూడదు, నేను తన్నులు తినకూడదు. అంతకు మించి నాకు ఏ ఆలోచనా లేదు.

ఆయాసపడుతూ సందు దగ్గరికొచ్చేసరికి మీసాలాయన నన్ను చూసి చటుక్కున మొహం తిప్పేసుకున్నాడు. అప్పుడు తట్టింది. టీకా వెయ్యడానికి ఆయనింటికి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఆయన భార్య "ఊల్లో నేరు" అంది. మూడోసారి ధాన్యం గాదె వెనకనించి రెండు పాదాలు కనిపించాయి! ఇంకేం, బండి మీదే పెట్టె దింపి, సూది కాల్చే స్పిరిట్ దీపం వెలిగించి, రిజిస్టరు తెరిచాను. "అన్నగారూ, ఊళ్ళో మీ పేరే మిగిలిపోయిందండీ, ఇన్నాళ్ళకి దొరికారు. వీళ్ళ పేర్లు కూడా చెప్పండి, రాసుకుంటాను" అన్నాను. అక్కడివాళ్ళకి టీకా అంటే ఒంటి మీదికి అమ్మవారు వచ్చినట్టే లెక్క. మాంసం ముట్టరు, కల్లు ముట్టరు, ఇంట్లో తాలింపు కూడా పెట్టరు. (అవేవీ అక్కర్లేదని చెప్పమన్నారు మా డాక్టరుగారు. ఆ పూట చెప్పడం మర్చిపోయాను.) ఆ కర్రలవాళ్ళ కోసం కొబ్బరితోటలో మేకపోతు ఉడుకుతోంది. ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని "ఇప్పుడే వత్తాం మావా" అని తలో దిక్కూ పోయారు.

నా తెలివికి నేనే మురిసిపోతున్నాను, ఇంతలో వెనక గోల. దీపం చూసి ఆడవాళ్ళు కూడా "ఓలమ్మో, టీకా!" అని ఇళ్ళవైపు లగెత్తుతున్నారు. కర్రలకి నిలబడ్డవాళ్ళు సూదికి నిలబడలేదు! "మీక్కాదమ్మా, మీక్కాదు!" అని మొత్తుకున్నాను. ఎవరు వింటారు! అత్త రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "ఒసే, సూదికి బయపడి ఓటొగ్గేత్తారేటే? ఆయనకేసినంతసేపు మనకెయ్యలేడు. రెండు సేతులే కదే ఉన్నాయి! నడండి!"

మీసాలాయనకి పరువు అడ్డొచ్చింది. "నాకేటి బయం?" అని చెయ్యి చాపి, కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు. చుక్క మందు వేసి, సూది తిప్పి, "ఆరేదాకా కదపకూడదండీ, చెరిగిపోతే మళ్ళీ వెయ్యాలి" అన్నాను. (ఇది మాత్రం నిజమే.) ఆ సముద్రపు తేమ గాలికి ఏది తొందరగా ఆరుతుంది! "అయిపోనాదా?" అంటాడు. "ఇంకా తడిగానే ఉందండీ" అంటాను. ఆయన వీపు వెనక, బండి చక్రానికీ గోడకీ మధ్యనించి, కోకలు ఒడిసిపట్టుకుని ఒక్కొక్కరే దాటారు. అందరికన్నా ఆఖర్న అత్త. ఆయన కళ్ళు తెరిచేసరికి, పోలీసు రెండు బూట్లూ వేసుకుని సందు చివర నిలబడి ఉన్నాడు.

మర్నాడు మెరక చుట్టూ ముళ్ళకంప వేసేశారు. నా వేషాలకి ఓ వీధంతా పస్తులుండాలా అనిపించి ముద్ద దిగలేదు. అత్త మాత్రం నా వసారాలో, దండెం మీద, నా మంచం మీద కూడా చేపలు పరిచింది. నేను చేపల పక్కనే పడుకున్నాను. నాలుగో రోజుకి మీసాలాయనకి చెయ్యి వాచి జ్వరం తగిలింది. ఆయన భార్య గుమ్మానికి వేపమండలు కట్టి, "అమ్మోరు ఇంట్లో ఉంటే ఆడోల్ల ఉసురు పోసుకుంతావా?" అని మొగుణ్ణి కడిగేసి, పాలేర్లచేత కంప తీయించేసింది. అత్త వెంటనే నా మంచం ఖాళీ చేసింది.

ఆ సాయంత్రం మెరక మీద అత్త చేపలు తిరగేస్తుంటే పక్కన చేరి, గొప్పగా అడిగాను. "ఇంతకీ ఓటు ఎవరికేశావత్తా?" ఆవిడ తలెత్తి చూసింది. "ఆలు ఎయ్యొద్దన్నారు. నువ్వు సెప్పమంతన్నావు. నా ఓటు నాకొగ్గెయ్యరేటి మీరు?"

ఇంత చేసిన నాకే చెప్పదా అని రెండు రోజులు మూతి ముడుచుకు తిరిగాను. ఇరవై ఏళ్ళవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది! ఇప్పుడు మా ఆవిడ ఓటేసి, వేలి మీద సిరాతో ఇంటికొస్తుంది. ఎవరికేశావని నోటిదాకా వస్తుంది. మంచినీళ్ళు కావాలా అని అడుగుతాను.