సాంచెలు ఆగినప్పుడు నా కచేరీ

ఆ రోజుల్లో నాకు నచ్చిన రాగాన్ని ఇంకొకరి చెవిన వేయకపోతే తిన్నది అరిగేది కాదు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బేమీ కాదు. కోరుట్లలో మా ఇంటి చుట్టుపక్కల సంగీతమంటే పెళ్లి బ్యాండే. డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి హైదరాబాదు వెళ్లి, ఎండకు తాళలేక, ఏసీ ఉంది కదా అని ఒక హాల్లో దూరాను. ఒళ్లు చల్లబడగానే లేచి వద్దామన్నది నా పథకం. లోపల ఎవరో పెద్దావిడ కళ్యాణి రాగం పాడుతోంది. రెండు గంటలైనా నేను లేవలేదు. (అది కళ్యాణి అని పక్కాయన చెబితేనే తెలిసింది. నా రాగజ్ఞానం ఇప్పటికీ ఫోన్లో పాట కింద రాసి ఉన్న పేరు చదువుకునేంతే.)

ఆ తర్వాత సిరిసిల్లలో ఒక ఆఫీసులో చిన్న ఉద్యోగం వచ్చింది. ఊరు కొత్త, మనుషులు కొత్త. పాటలు పంచుకుంటే స్నేహాలు వాటంతట అవే అవుతాయని గట్టిగా నమ్మాను. మొదటి వారమే మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర తోడి రాగం పెట్టాను. మా పెద్దసారు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, "ఎవలన్న పోయిండ్రా?" అని మెల్లగా అడిగాడు. ఇక అమ్మకు ఫోన్ చేసి, స్పీకరు దగ్గర ఫోన్ పెట్టి పన్నెండు నిమిషాలు వినిపించాను. ఎట్లుంది అంటే, "అయిపోయిందా కొడుకా? అన్నం తిన్నవా?" అంది. జగిత్యాలలో ఉన్న చదువుకునేనాటి దోస్తుకు నలభై నిమిషాల కచేరీ పంపితే రెండు సెకన్లలో బొటనవేలి బొమ్మ వచ్చింది. అప్పటినుంచి ఒక్కణ్ణే వినడం అలవాటు చేసుకున్నాను. అలవాటైతే కాలేదు. ఆదివారం వస్తుందంటే శనివారం నుంచే దిగులుగా ఉండేది.

నేనుండే అద్దె గది గోడకు ఆనుకునే సాంచెల షెడ్డు ఉండేది. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచెలంటారు. అవి నడుస్తున్నంతసేపూ నా చిన్న బ్యాటరీ స్పీకరు నాకే సరిగ్గా వినబడేది కాదు. ఆ ఎండాకాలం మాత్రం లైను పనులంటూ ఆదివారం మధ్యాహ్నాలు కరెంటు తీసేవారు. సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగేవి, వీధంతా నిశ్శబ్దం. అలాంటి ఒక ఆదివారం మృదంగం, ఘటం పోటీపడి వాయించే తని ఆవర్తనం పెట్టుకుని, తలుపు తీసి కూర్చున్నాను. పక్కింటి తాత వచ్చి నా గడప మీద కూర్చున్నాడు. నలభై ఏళ్లు సాంచెలు నడిపి, ఆ పని కొడుక్కి అప్పగించిన మనిషి. కళ్లు మూసుకుని, తల గోడకు ఆనించి, చివరిదాకా కదల్లేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మరుసటి ఆదివారం కూడా వచ్చాడు. ఈసారి నాకు ప్రాణమైన ఆనందభైరవి ఆలాపన పెట్టాను. తాత ఇటు కదిలాడు, అటు కదిలాడు, ఒక కన్ను తెరిచాడు.

"సారూ, గిది ఆగి ఆగి వోతున్నది. మొన్న టకటక అన్నది గది వెట్టు."

లయ తప్ప వేరే ఏదీ చెవికి ఆనని మహారసికుడు దొరికాడని నేను పొంగిపోయాను. నోటుపుస్తకంలో 'తాత కోసం' అని ఒక పేజీ కేటాయించాను. వారమంతా వెతికి వెతికి తని ఆవర్తనాలు ఏరి, వరుసలో పేర్చి, ఆదివారం కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆ నెల రోజులూ ఆఫీసులో నా నడకే మారింది.

ఒకరోజు తాత కొడుకు నల్లా దగ్గర కలిసి దండం పెట్టినంత పని చేశాడు. "మీ పాటల డబ్బ మంచిగ పని జేస్తున్నది సారూ. బాపుకు సాంచె సప్పుడు లేకుంటె నిద్ర వట్టది. కరెంటు వోతె ఇల్లంత తిరుగుతుండె. ఇప్పుడు మంచిగ పండుకుంటున్నడు."

నా మహారసికుడు నెల రోజులుగా నిద్రపోతున్నాడన్నమాట. బిందె నిండి పొర్లుతున్నా నాకు తెలియలేదు. ఆ ఆదివారం కరెంటు పోయినా నేను స్పీకరు ముట్టలేదు. తలుపేసుకుని, పైకప్పు చూస్తూ పడుకున్నాను. గంట గడిచింది. బయట దగ్గు వినబడి తలుపు తీస్తే, తాత గడప మీదే ఉన్నాడు.

"పాట పెట్టలేదు గద తాతా, ఇక్కడెందుకు కూర్చున్నవ్?"

"లోపల నువ్వున్నవ్ గద."

"నిద్ర కోసం అస్తున్నవని మీ కొడుకు చెప్పిండు."

"నిద్రకైతె నా మంచంల పండుకున్న సుత నీ డబ్బ ఇనవడ్తది సారూ, నడుమ గోడ ఒక్కటే గద. ఎప్పుడు జూసినా నువ్వొక్కనివే ఉంటవ్. మనిషి తోడుంటె మంచిదని అస్తున్న."

 నెల రోజులుగా ఆయనకు సంగీతం దానం చేస్తున్నానని అనుకుంటున్నది నేను. ఏం చేయాలో తోచక, ఏం పెట్టమంటావని అడిగాను.

"నీకు నచ్చింది వెట్టు. ఇయ్యాల మేల్కొనే ఉంట."

ఆనందభైరవి పెట్టాను. తాత ఆ ఆలాపనంతా కళ్లు తెరుచుకునే విన్నాడు. రెప్పలు వాలినప్పుడల్లా తువ్వాలతో మొహం తుడుచుకుని మళ్లీ సర్దుకున్నాడు. నా కోసం అంత కష్టం అంతకుముందు ఎవరూ పడలేదు.

"అయిపోయిందా సారూ?"

"అయిపోయింది తాతా."

"మంచిగున్నది. ఇగ టకటక వెట్టు, జర పండుకుంట."

ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నాను. ఫోన్లో రసికుల బృందం ఒకటుంది. నేను రాగం పేరు తప్పు రాస్తే నిమిషంలో నలుగురు దిద్దుతారు. ఆ రోజు తాతకు వినిపించినట్టే వాళ్లకూ ఆనందభైరవి పంపుతుంటాను. ఎవరైనా బాగుందంటే సంతోషమే. కానీ నిద్ర ఆపుకుని ఎవరు విన్నారా అని మాత్రం, ఈ వయసులో కూడా, సిగ్గులేకుండా వెతుక్కుంటూనే ఉంటాను.